ఉగాది నుంచి ఉగాదికి: దక్షిణాది తెలుగు పుస్తకాలతో మా ఇంటి ఏఁడు

పోయిన ఉగాది నాడు మా ఇంట్లో ఒక పందెం లాంటిది వేసుకున్నాం. మళ్ళీ ఉగాది వచ్చేలోపల పన్నెండు తెలుగు పుస్తకాలు చదవాలి, నెలకొకటి. ఏవంటే అవి కాదు. మేము ఉంటున్న ఈ తంజావూరు సీమలోనూ, మదురైలోనూ నాయకరాజుల కాలం నుంచి త్యాగరాజు వరకు తెలుగులో పుట్టిన పుస్తకాలు మాత్రమే. ఆదివారం సాయంత్రం ఆరు గంటలకు తంజావూరులో అవ్వ మంచం చుట్టూ కొందరం, చెన్నై, కోయంబత్తూరు, బెంగళూరుల నుంచి ఫోనులో కొందరం, మొత్తం పదకొండు మందిమి. ఒకరు చదవడం, మిగతా వాళ్ళు వినడం. ముందే చెప్పేస్తాం, పన్నెండూ కాలేదు. మొదటి నుంచి చివరి దాకా పూర్తి చేసినవి అయిదు. సగంలో ఆగినవి మూడు. తక్కిన నాలుగు అట్ట తీసి మొదటి పుట చూసి పెట్టేసినవే.

ఈ ఆలోచన వచ్చింది ఒక నవ్వు వల్ల. మా ఇంటి పిల్ల ఉద్యోగానికి హైదరాబాదు వెళ్ళి, తోటి పిల్లను మధ్యాహ్నం "కూడు తింటివా?" అని అడిగింది. అక్కడ అందరూ పగలబడి నవ్వారట. కూడు అనేది వాళ్ళకు మోటు మాట, కోపంలో అనే మాట. మాకు అది రోజూ కంచంలో పెట్టుకునేది. పాపం అది ఫోను చేసి, "అవ్వా, మనది అసలు తెలుగేనా?" అని అడిగింది. అవ్వకు ఎనభై నాలుగేళ్ళు. "మన ఊర్లో రాజులే తెలుగులో పద్యాలు రాసినారంట గదా, పొయ్యి చూడండి వాళ్ళేమన్నారో" అంది. అంతే, అలా మొదలైంది.

అవ్వ అన్నది నిజమే, కానీ ఆ రాజులు ఇక్కడికి ఎలా వచ్చారో మాలో సగం మందికి తెలియదు. విజయనగరం ఏలుబడిలో 1529 ప్రాంతంలో విశ్వనాథ నాయకుడు మదురైకి, 1532 ప్రాంతంలో సేవప్ప నాయకుడు తంజావూరుకి పాలకులయ్యారు. 1565 యుద్ధం తర్వాత విజయనగరం చితికిపోయింది, ఇక్కడి నాయకులు మెల్లగా సొంత రాజులైపోయారు. కవులకు కూడా గోదావరి, కృష్ణా తీరాల కంటే కావేరి, వైగై తీరాల్లోనే ఎక్కువ ఆదరణ దొరికిన కాలం అది. నిడదవోలు వెంకటరావుగారు ఈ సాహిత్యాన్నంతా ఒకచోట చేర్చి దక్షిణ దేశీయాంధ్ర వాఙ్మయమని పేరు పెట్టి మరీ రాశారు. మరికొందరు సాహిత్య చరిత్రకారులు ఇదే కాలాన్ని క్షీణయుగం అని ఒక్క మాటలో తోసేశారు. ఏడాది చదివాక ఆ మాట మాకు మింగుడు పడటం లేదు.

అసలు చిక్కు పుస్తకం దగ్గర కాదు, అక్షరం దగ్గర వచ్చింది. మా ఇంట్లో అందరం తెలుగు మాట్లాడతాం, కలలు కూడా తెలుగులోనే కంటాం. చదవగలిగింది మాత్రం ఇద్దరే. ఒకరు పెద్దనాయన, చిన్నప్పుడు బడిలో తెలుగు అయ్యవారు ఉండిన రోజుల్లో నేర్చుకున్నారు. రెండో మనిషి బెంగళూరు కోడలు. ఆమె చదువంతా కన్నడంలోనే. అయినా ఆ లిపి వచ్చిన వాళ్ళకు తెలుగు లిపి ముప్పాతిక వంతు వచ్చినట్టే. తలకట్టు తేడా అలవాటు చేసుకుని నెల తిరక్కుండానే గడగడా చదివేసింది. మా పిల్లలకు అదీ లేదు. తమిళనాడులో 2006 చట్టం తర్వాత బడుల్లో తమిళం మొదటి భాష అయింది, పదో తరగతి దాకా. తమిళం నేర్చుకోవడం మాకు బరువు కాదు, అదీ మా భాషే. కానీ తెలుగు అయ్యవార్లు ఒక్కొక్కరే రిటైరైపోయాక ఆ తావు మళ్ళీ నిండలేదు.

అవ్వ పాటల నోటుబుక్కు చూస్తే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. పెళ్ళి పాటలు, మంగళహారతులు, త్యాగరాజ కీర్తనలు అన్నీ తెలుగే, రాసింది మాత్రం తమిళ అక్షరాల్లో. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. చ, జ కలిసిపోతాయి. ప, బ కలిసిపోతాయి. 'గాలి' అని రాసినా 'కాలి' అని రాసినా కాగితం మీద ఒకటే. అవ్వ పాడితే ఏదో తెలుస్తుంది, అవ్వ లేకుండా చదివితే తెలియదు. మీ ఇళ్ళల్లో కూడా ఇలాంటి నోటుబుక్కులు పెట్టెల అడుగున ఉండే ఉంటాయి.

కాబట్టి మొదటి రెండు నెలలు పుస్తకం కంటే ముందు ఓనమాలు దిద్దాం. నలభై దాటిన వాళ్ళు పిల్లల పలక మీద 'ఌ' రాస్తూ కూర్చోవడం చూసి అవ్వ నవ్వింది. ఇక్కడ మాకు ఒక లాభం కూడా కలిసొచ్చింది. పాత అచ్చు పుస్తకాల్లో బండి ఱ, అరసున్న ఉంటాయి. ఇప్పటి హైదరాబాదు పిల్లలకు అవి బొమ్మల్లాంటివి. తమిళం చదివిన మాకు రెండు రకాల 'ర' మామూలే. అరసున్న సంగతి పెద్దనాయన చెప్పారు. 'ఏడు' అంటే ఆరు తర్వాత వచ్చేది, తమిళంలోనూ దాదాపు అదే మాట. 'ఏఁడు' అంటే సంవత్సరం, తమిళంలో 'ఆండు'. ఆ 'ఆండు'లోని అనుస్వరమే తెలుగులో అరిగి అరిగి అరసున్నగా మిగిలిందన్నమాట. 'మూఁడు' కూడా అంతే, తమిళ 'మూన్‌ఱు' పక్కన పెట్టి చూడండి. ఇంట్లో రెండు భాషలు ఉండడం మన తెలుగుని పాడు చేసిందని ఇన్నాళ్ళూ అనుకున్నాం. ఆ రోజు నుంచి అంత గట్టిగా అనుకోవడం లేదు.

మొదట పట్టుకున్నది 'రాయవాచకము'. వచనం కాబట్టి సులువు అనుకున్నాం. కృష్ణదేవరాయల కొలువు, వేగులవాళ్ళు, అప్పాజీ మంత్రాంగం, గజపతి మీదకు దండయాత్ర, ఇవన్నీ విశ్వనాథ నాయకుడికి ఆయన స్థానాపతి రాసి పంపిన నివేదికలాగా ఉంటుంది. మేము చాలా కాలం రాయల కాలపు మనిషి కళ్ళారా చూసి రాసిందే అనుకున్నాం. కానీ ఫిలిప్ వాగొనర్ అనే పండితుడు 1993లో దీన్ని ఇంగ్లీషులోకి తెచ్చినప్పుడు, ఇది రాయలు పోయిన ఎన్నో ఏళ్ళకు, పదిహేడో శతాబ్దం మొదట్లో మదురై నాయకుల కొలువులో పుట్టినదని వాదించారు. అంటే, విజయనగరం లేకుండా పోయాక, దూరాన ఉన్న మదురైలో కూర్చుని, మా మూలం ఆ రాయల దగ్గర ఉంది అని చెప్పుకున్న పుస్తకం.

ఇది మాకు కొంచెం గుచ్చుకుంది. ఎందుకంటే మా ఇంట్లోనూ అచ్చం అలాంటి కథే ఒకటుంది. మా పూర్వీకుడు రాయల సైన్యంలో గుర్రం మీద వచ్చాడని, రాజు కత్తి ఇచ్చాడని, ఆ కత్తి ఎవరో ఎత్తుకుపోయారని. ప్రతి పెళ్ళిలోనూ ఎవరో ఒక పెద్దాయన ఆ కత్తి సంగతి ఎత్తుతారు. ఈ ఏడాది చదివిన పుస్తకాల్లో ఎక్కడైనా మా ఇంటిపేరు కనిపిస్తుందేమోనని చిన్నాయన ఆశగా చూశారు. కనబడలేదు. మా ఇంటిపేరు ఒక ఊరి పేరు, అంతవరకే చెప్పగలం. సైన్యంతో వచ్చామో, వ్యాపారానికి వచ్చామో, వానలు లేక బండి కట్టుకుని వచ్చామో ఏ కావ్యమూ చెప్పలేదు. చిన్నాయన వారం రోజులు ముభావంగా ఉన్నారు. తర్వాత, "సరేలే, కత్తి లేకపోతే లేదు, నాగలి ఉండే ఉంటుంది" అన్నారు.

మాకు బాగా ఇష్టమైపోయింది చేమకూర వెంకటకవి 'విజయవిలాసము'. ఇంటిపేరు వినగానే పిల్లలు నవ్వారు, మా ఇంట్లో చేమదుంప వేపుడు వారానికి ఒకసారి ఉంటుంది మరి. ఈయన రఘునాథ నాయకుడి ఆస్థాన కవి. రఘునాథుడు 1600 నుంచి 1634 వరకు తంజావూరు ఏలాడు. విజయనగర వారసత్వం కోసం జరిగిన తోపూరు యుద్ధంలో గెలిచినవాడు, 1620లో డేనిష్ వాళ్ళకు తరంగంబాడిలో కోట కట్టుకోనిచ్చినవాడు, తానే వాల్మీకి చరిత్ర, రామాయణం తెలుగులో రాసుకున్నవాడు. అలాంటి పాఠకుడు ఎదురుగా కూర్చుంటే కవి ఊరికే రాస్తే కుదురుతుందా? అర్జునుడు తీర్థయాత్రకు బయలుదేరి ఉలూచిని, చిత్రాంగదను, సుభద్రను పెళ్ళాడడం, కథ ఇంతే, మూడు ఆశ్వాసాలు. కానీ ప్రతి పద్యంలో ఏదో ఒక చమత్కారం దాచి ఉంచుతాడు. ఒక మాటను రెండుగా విరిస్తే ఇంకో అర్థం, కలిపితే ఒకటి.

మేము సొంతంగా చదివి ఉంటే నాలుగు పద్యాల దగ్గరే ఆగిపోయేవాళ్ళం. తాపీ ధర్మారావుగారి హృదయోల్లాస వ్యాఖ్య చెయ్యి పట్టుకుని నడిపించింది. 1971లో సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చిన వ్యాఖ్య అది. ఆయన పక్కన కూర్చుని, ఇదిగో ఇక్కడ చూడు, ఈ మాట ఎందుకు వేశాడో తెలుసా అని అడుగుతున్నట్టే ఉంటుంది. ఒక్కొక్క ఆదివారం అయిదు పద్యాలు కూడా దాటలేదు. నెలకు ఒక పుస్తకం అన్న లెక్క ఇక్కడే మునిగిపోయింది. విజయవిలాసానికే రెండు నెలలా పదిరోజులు పట్టింది. కోయంబత్తూరు బావ లెక్కల మనిషి, గోడమీద కాగితం అంటించి గళ్ళు నింపేవాడు. ఖాళీ గళ్ళు చూసి మథనపడ్డాడు. "వేగంగా చదివి పన్నెండు గళ్ళు నింపుదామా, ఇట్లనే పోదామా?" అని ఓటు పెట్టాం. అవ్వ ఓటు ఒక్కటే రెండు అని ఎవరో అన్నారు. ఇట్లనే పోయాం.

రఘునాథుడి కొడుకు విజయరాఘవ నాయకుడి కాలంలో పద్యం నుంచి ఆటకు వస్తాం. ఆ కొలువులో యక్షగానాలు వానకు పుట్టగొడుగులు మొలిచినట్టు మొలిచాయి. రాజే రాశాడు, ఆయన కొడుకు మన్నారుదేవుడు రాశాడు, పసుపులేటి రంగాజమ్మ రాసింది. ఆమె 'మన్నారుదాస విలాసము'లో నాయకుడు ఎవరో కాదు, విజయరాఘవుడే. మన్నారుగుడి రాజగోపాలస్వామి ఈ రాజుకు ఇష్టదైవం, అందుకే మన్నారుదాసుడు. ఒకే కథను ఆమె ప్రబంధంగానూ, యక్షగానంగానూ రాసింది. కనకాభిషేకం చేయించుకున్న కవయిత్రి. మా మేనత్త ఈ మాట విని, "మనింట్లో ఆడపిల్లను అయిదో తరగతితో బడి మానిపించినారు, మూడు వందల ఏళ్ళ ముందు ఇదే ఊర్లో రాజు ఒక ఆడమనిషికి బంగారం పోసినాడంట" అంది. మానిపించింది మేనత్తనే. ఆ సాయంత్రం ఆ తర్వాత ఎవరూ పెద్దగా మాట్లాడలేదు.

'తంజాపురాన్నదాన మహానాటకము' మాత్రం మమ్మల్ని పొట్ట చెక్కలయ్యేలా నవ్వించింది. పురుషోత్తమ దీక్షితుడు రాశాడు. విజయరాఘవుడు బ్రాహ్మణులకు రోజూ పెట్టించిన అన్నదానం చుట్టూ అల్లిన హాస్యనాటకం. రాజుగారి దానాన్ని పొగుడుతూనే, ఆ దానం చుట్టూ జరిగే ఆశనీ, రద్దీనీ వెక్కిరిస్తుంది. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలిసి 1992లో నాయకరాజుల మీద రాసిన పుస్తకంలో ఈ నాటకానికి పెద్ద పీట వేశారు. ఆ కాలపు రాజుకు యుద్ధం కంటే అనుభోగం, అన్నం ఎలా ముఖ్యమయ్యాయో ఇందులో కనిపిస్తుందని వాళ్ళ మాట. మాకు అంత లోతు తెలియదు. కానీ 1673లో మదురై చొక్కనాథ నాయకుడి సేన తంజావూరు మీద పడ్డప్పుడు, ముసలి విజయరాఘవుడు స్వయంగా పోరాడి చనిపోయాడని తెలిశాక ఆ నవ్వు వేరేగా వినిపించింది. పిల్లనివ్వను అన్నందుకు వచ్చిన యుద్ధం అంటారు. రెండువైపులా తెలుగు రాజులే.

ఆ తర్వాత మూడేళ్ళకే మరాఠా ఏకోజీ గద్దె ఎక్కాడు. ఇక తెలుగు పోయిందనుకుంటారు ఎవరైనా. పోలేదు. ఏకోజీ కొడుకు శాహజీ స్వయంగా తెలుగులో యక్షగానాలు రాశాడు. ఇంట్లో మరాఠీ, ఊళ్ళో తమిళం, పాటకు తెలుగు. దీన్ని మేము ఎంత గొప్పగా చెప్పుకున్నా తక్కువే అనిపిస్తుంది. పరాయి రాజు నిలబెట్టిన భాషను ఇంటివాళ్ళం వదిలేశామా అనే మాట మాత్రం ఎవరమూ పైకి అనలేదు.

పెద్ద గొడవ వచ్చింది 'రాధికా సాంత్వనము' దగ్గర. ముద్దుపళని ప్రతాపసింహుడి కొలువులో ఉండేది, 1739 నుంచి 1763 వరకు ఆయన పాలన. శృంగారం దాచకుండా రాసిన కావ్యం, అదీ రాధ వైపు నుంచి. చిన్నాయన, "పిల్లల ముందు, అవ్వ ముందు ఇదేమి చదువు?" అని ఫోను పెట్టేశారు. ఆ వారం పుస్తకం పక్కన పెట్టి, దాని చరిత్ర మాత్రం చెప్పుకున్నాం. మొదట అచ్చయినప్పుడు కొన్ని పద్యాలు ఎగరగొట్టారు. కందుకూరి వీరేశలింగంగారు ఆ కవయిత్రి మీద కటువుగా రాశారు. బెంగళూరు నాగరత్నమ్మ ఊరుకోలేదు. మగవాళ్ళు రాస్తే శృంగారం, ఆడది రాస్తే బూతా అని నిలదీసింది. రాతప్రతి సంపాదించి, వదిలేసిన పద్యాలు చేర్చి, 1910లో వావిళ్ళ వారి చేత అచ్చు వేయించింది. 1911లో తెల్లదొరల ప్రభుత్వం నిషేధించింది. టంగుటూరి ప్రకాశంగారి హయాంలో, 1947లో గానీ ఆ నిషేధం పోలేదు.

నాగరత్నమ్మ పేరు వినగానే అవ్వ లేచి కూర్చుంది. మాకు 13 కిలోమీటర్ల దూరంలో తిరువయ్యారు ఉంది. అక్కడ త్యాగరాజస్వామి సమాధికి గుడి కట్టించింది ఆవిడే, 1925లో కుంభాభిషేకం అయింది. ఆరాధనలో ఆడవాళ్ళను పాడనివ్వని రోజుల్లో పట్టుబట్టి వాళ్ళ చేత పాడించిందీ ఆవిడే. తన ఆస్తి ఆ సమాధికే రాసిచ్చి, 1952లో పోయాక దానికి ఎదురుగానే సమాధి అయింది. అవ్వ పెళ్ళైన కొత్తలో తిరువయ్యారు ఆరాధనకు వెళ్ళినప్పుడు ఆ సమాధికి మొక్కిందట. "ఆయమ్మ అచ్చు వేయించిన పుస్తకమా? అయితే చదవండి. నేను వింటా. ఇష్టం లేనోళ్ళు చెవులు మూసుకోనీ" అంది. కన్నడ సీమలో పుట్టి, చెన్నపట్నంలో బతికి, తంజావూరు పుస్తకం కోసం పోట్లాడిన మనిషి ఆమె. మాలాగే బయట ఉన్న తెలుగు పాఠకురాలే అని ఎవరో అన్నారు. అంత మాట మేము అనుకోవచ్చో లేదో.

చదివాం. పూర్తిగా కాదు, పిల్లలు పడుకున్నాక రెండు ఆశ్వాసాలు. చిన్నాయన మూడో వారం నుంచి ఫోను ఎత్తారు, కానీ కెమెరా ఆపేసి.

చదవనివి ఏమిటంటే, సముఖము వేంకటకృష్ణప్ప నాయకుడి 'జైమిని భారతము' ఎనిమిదో పుట దగ్గర ఆగింది. వచనమే, కానీ మాకు దొరికిన పాత ప్రతిలో వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియక ఊపిరి అందలేదు. మదురై వాళ్ళు ఆ రోజుల్లోనే ఇంత వచనం రాశారన్న గౌరవం ఉంది, ఓపిక లేకపోయింది. 'సారంగధర చరిత్రము' స్కాను ప్రతిలో మధ్య పుటలు లేవు. సరస్వతి మహలులో తెలుగు తాళపత్రాలు వందల సంఖ్యలో ఉన్నాయి. ఒకరోజు అందరం వెళ్ళి అద్దం వెనక ఉన్నవాటిని చూసి వచ్చాం. గంటం గీతల్లో పిల్లలు 'శ్రీ' ఒకటి పట్టుకున్నారు, అంతే.

పుస్తకంగా కాక ఆటగా చదివింది ఒకటుంది. మే నెలలో నరసింహ జయంతికి మెలట్టూరు వెళ్ళాం, తంజావూరు నుంచి బస్సులో గంట లోపే. అచ్యుతప్ప నాయకుడు తెలుగు బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరని చెప్తారు. అక్కడ మెలట్టూరు వెంకటరామశాస్త్రి రాసిన తెలుగు నాటకాలు భాగవత మేళంగా ఇంకా ఆడుతున్నారు. ఆడవేషాలు కూడా మగవాళ్ళే కడతారు. వీధిలో రాత్రంతా ప్రహ్లాద చరిత్రము. చుట్టూ ఉన్నవాళ్ళంతా తమిళంలో మాట్లాడుకుంటున్నారు, రంగం మీద మాత్రం తెలుగు. లీలావతి ఏడుస్తుంటే మా పక్కన కూర్చున్న పెద్దావిడ కళ్ళు తుడుచుకుంది. "మీకు తెలుగు వస్తుందా అమ్మా?" అని అడిగాం. రాదంది. ప్రతి ఏటా వస్తుందట.

ఉగాది వచ్చేసింది, గోడమీద కాగితంలో ఏడు గళ్ళు ఖాళీ. ఈసారి పందెం మార్చాం. పుస్తకాలు వద్దు, అవ్వ నోటుబుక్కును తెలుగు లిపిలోకి ఎత్తి రాయాలి. అవ్వ కళ్ళకు శుక్లాలు, చదవలేదు. పాడితే పిల్లలు రాస్తున్నారు. ఇప్పటికి ముప్పై ఒకటో పాట. అందులో పిల్ల అత్తవారింటికి వచ్చే చోట ఒక మాట తేలలేదు. తమిళ అక్షరాల్లో అది 'పాట పట్టి' వచ్చిందా, 'బాట పట్టి' వచ్చిందా తెలియడం లేదు. అవ్వను అడిగితే పోయిన ఆదివారం పాట అంది, ఈ ఆదివారం బాట అంది. పిల్లలు పెన్సిలుతో రెండూ రాసి పెట్టారు.